శుక్రవారం కోసిన ఆకు

పిల్లలు నన్ను చాటుగా మిరపకాయ టీచర్ అంటారని నాకు తెలుసు. ఆ పేరు పెట్టినందుకు వాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. ఉన్న కోపమంతా క్లాసులోనే ఖర్చయిపోతుంది. తిరువూరులో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. నోరు పెద్దదైనా మనిషి నిజం మాట్లాడుతుందని స్టాఫ్ రూములో నాకో పేరుంది. ఆ పేరు చూసుకుని ఇరవై ఏళ్ళు మురిశాను. పోయినేడు ఒక పిల్ల నా దగ్గరికి వచ్చి తనది కాని తప్పు తన నెత్తిన వేసుకుంటుంటే 'సరేలే' అన్నాను. అలా అన్నప్పుడు ఆ తప్పు ఎవరిదో నాకు తెలుసు.

ఎనిమిదో తరగతిలో కీటకాలు రూపం మార్చుకునే పాఠం వస్తుంది. గుడ్డు, లార్వా, ప్యూపా, ప్రౌఢజీవి. నాలుగు బొమ్మలు, నాలుగు బాణాలు. పిల్లలకి బాణాలు గీయడం బాగా వస్తుంది, పురుగు ఎలా మారుతుందో మాత్రం ఒక్కరూ చూసి ఉండరు. పోయినేడు వానలు మొదలయ్యాక, ఈసారి బొమ్మ కాదు, అసలుది చూపిస్తానని క్లాసులో గొప్పగా చెప్పేశాను. చెప్పాక వెనక్కి తగ్గే అలవాటు నాకు లేదు.

మా వంటషెడ్డు వెనక కరివేపాకు చెట్టుంది. మధ్యాహ్న భోజనం వండే ఆమె నాటిన చెట్టు. బియ్యం కడిగిన నీళ్ళు పోసి పెంచింది కాబట్టి అది బడిది కాదు, తనదే అన్నట్టు చూసుకుంటుంది. వానలు పడ్డాక దాని చిగుళ్ళ మీద పిట్టరెట్టల్లాంటివి కనబడతాయి. అవి రెట్టలు కావు, సీతాకోకచిలుక పిల్లలు. వంటామె రోజూ పుల్లతో వాటిని కిందికి తోసి చెప్పుతో నలిపేస్తుంది. చంపొద్దు, ఓ ఆరు నాకివ్వు అని అడిగితే ఆమె నవ్వి, పురుగుల్ని సాకే ఓపికుంటే మా మనవళ్ళని కూడా పంపిస్తా, వాళ్ళనీ సాకండి టీచరుగారూ అంది.

స్వీట్ల అట్టపెట్టెకి ఒక పక్క కోసేసి దోమతెర ముక్క అంటించాం. అడుగున పాత పేపరు. ఆరు పురుగుల్ని కొమ్మతో సహా లోపల పెట్టాం. క్లాసులో సగం మంది కెవ్వుమన్నారు. బెంచీలెక్కినవాళ్ళున్నారు. ఒక పిల్ల మాత్రం వచ్చి, కొమ్మ మీంచి జారిన పురుగుని వేలితో అందుకుని, తిరిగి ఆకు మీద పెట్టింది. అప్పటిదాకా ఆ పిల్ల గొంతు నేను సరిగ్గా విననైనా లేదు. మూడో బెంచీలో గోడపక్కన కూర్చునేది. ఎ.కొండూరు వైపు పల్లె నుంచి షేర్ ఆటోలో వస్తుంది. వాళ్ళమ్మ మిరపకోతలకీ, మామిడితోటల్లో పనికీ వెళుతుంది. ఆదివారం చర్చికి వెళ్ళడం తప్ప ఆ తల్లీకూతుళ్ళకి వేరే షికారు లేదని తర్వాత తెలిసింది. నేను అక్కడికక్కడే ఆకు డ్యూటీ ఆ పిల్లకిచ్చాను.

అలా ఇవ్వడం నేను చేసిన మంచిపని. అక్కడివరకు నా మీద నాకే ఫిర్యాదూ లేదు. వారం తిరక్కుండా ఆ పిల్ల మారిపోయింది. పొద్దున ప్రార్థనకి ముందే వచ్చి లేత ఆకు కోసి, పెట్టె శుభ్రం చేసి, పేపరు మార్చేది. నోటుపుస్తకంలో గళ్ళు కొట్టి రోజూ రాసేది. మొదటి గడి పైన 'డేటు' అని, తర్వాత 'ఎన్ని ఆకులు', ఆ తర్వాత 'ఎంత పొడవు'. స్కేలు పురుగుకి తగలకుండా పక్కన పెట్టి కొలిచేది. వారం దాటాక అవి చర్మం వదిలి ఆకుపచ్చగా బయటికొచ్చినప్పుడు, పుల్లతో కాస్త తాకిస్తే తల మీంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటపెట్టి కంపు కొట్టినప్పుడు, క్లాసంతా ముక్కు మూసుకుని నవ్వింది. ఈ పిల్ల లేచి, దానికి భయమేసి అలా చేస్తుందని వాళ్ళకి వివరించింది. మండల సైన్సు ప్రదర్శనకి పెట్టె పట్టుకుని నువ్వే వెళ్ళి చెప్పాలి అన్నాను. ఆ రోజు ఆ పిల్ల ముఖం చూడాల్సింది.

ఇక్కడ వంటామె పెట్టిన షరతు ఒకటి చెప్పాలి. ఆకు ఎంతైనా కోసుకోమంది గానీ, "బయటున్న పిల్లలెవరూ నా చెట్టు ముట్టుకోవద్దు, ఎండిపోయిద్ది" అని ఆడపిల్లలందరి ముందూ గట్టిగా చెప్పింది. నెలసరి రోజుల్లో ఉన్నవాళ్ళు అని. నేను పక్కనే ఉన్నాను. పెనుగొలనులో మా పుట్టింట్లో ఆ మూడు రోజులూ వేరే చాప, వేరే కంచం ఇచ్చి వరండాలో కూర్చోబెట్టేవారు. పరీక్షల రోజుల్లో కూడా. అల్లం పచ్చడి జాడీ వైపు చూశానని మా నాయనమ్మ తిట్టిన తిట్లు నాకింకా గుర్తే. ఎందుకని అడిగితే ఎవరూ జవాబు చెప్పకపోవడం వల్లే నేను సైన్సు తీసుకున్నానని ఎంతోమందికి చెప్పుకున్నాను. అలాంటిదాన్ని వంటామె మాట విని కూడా విననట్టు ఊరుకున్నాను. ఆకు కావాలి. ఆమెతో గొడవెందుకు. అదీ నా లెక్క.

రెండో శనివారం, ఆదివారం సెలవులు వచ్చాయి. పురుగులు అప్పటికి నా చిటికెన వేలంత అయ్యాయి, ఇంకో రెండు రోజుల్లో గూడు కడతాయి. బడిలో వదిలితే ఆకలికి చస్తాయని శుక్రవారం సాయంత్రం పెట్టె నేనే ఇంటికి తీసుకెళ్ళాను. ఆ పిల్ల రెండు రోజులకి సరిపోయేలా ఆకు కోసి, కొమ్మల చివర్లకి తడిగుడ్డ చుట్టి, కవరులో పెట్టి ఇచ్చింది. ఆటో ఎక్కబోతూ మళ్ళీ వెనక్కొచ్చి, రాత్రిపూట ఎక్కువ తింటాయి టీచర్, చూసుకోండి అని చెప్పి వెళ్ళింది.

చెప్పినట్టే తిన్నాయి. శనివారం మధ్యాహ్నానికి ఆకంతా ఈనెలే మిగిలింది. బడికి వెళ్ళి కోసుకురావచ్చు. పది నిమిషాల దారి. చీర మార్చుకోవడానికి బద్ధకమేసింది. కూరలకి వెళ్ళినప్పుడు బస్టాండు దగ్గర తోపుడుబండి మీద కరివేపాకు కట్ట కొన్నాను. నిగనిగలాడుతోంది, ఒక్క ఆకుకీ చిల్లు లేదు. చిల్లు లేని కరివేపాకు ఎలా వస్తుందో రైతు కూతురినైన నాకు ఒకరు చెప్పాలా? మందులో ముంచితే వస్తుంది. మా ఇంట్లో పోపులోకైతే ఆ ఆకుని ఉప్పు నీళ్ళలో అరగంట నానబెట్టి, రెండుసార్లు కడుగుతాను. ఆ రోజు కూడా మాకు సాంబారులోకి కావలసిన రెమ్మలు విడిగా తీసి నానబెట్టాను. పురుగులకే కదా అని మిగతా కట్టని కుళాయి కింద ఓసారి చూపించి పెట్టెలో పడేశాను.

ఆదివారం పొద్దున్నే చూస్తే రెండు పేపరు మీద పడి ఉన్నాయి. మిగతావి నోట్లోంచి పచ్చటి నీళ్ళు కక్కుతూ మెలికలు తిరుగుతున్నాయి. పెట్టెలో ఉన్న ఆకంతా తీసేసి, అప్పుడు పరుగెత్తాను బడికి, లేచినదాన్ని లేచినట్టే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. మంచి ఆకు తెచ్చి ముందు పెడితే ఒక్కటీ తల ఎత్తలేదు. మధ్యాహ్నానికి ఆరూ చచ్చిపోయాయి. పురుగులు చస్తే ఏడ్చేంత సున్నితం కాదు నాది, అయినా అన్నం సహించలేదు.

సోమవారం పెట్టె తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఏమైంది టీచర్ అని అందరూ ఒక్కసారే అడిగారు. జరిగింది చెబితే ఏమయ్యేది? బజారు ఆకు మీద మందు ఉంటుంది, నేను కడగలేదు, చచ్చాయి. ఇంతే కదా. అంతకంటే మంచి సైన్సు పాఠం ఉందా? కానీ నలభై మంది ముందు, 'మీ టీచరు బద్ధకం వల్ల' అని చెప్పడానికి నా నోరు రాలేదు. ఏదో తెగులు వచ్చింది, అప్పుడప్పుడూ వస్తుంది, కూర్చోండి, అని కసిరాను. నేను కసిరితే ఎవరూ రెండో ప్రశ్న అడగరు. ఆ పిల్ల మాత్రం కూర్చోలేదు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక నేను చేతులు కడుక్కుంటుంటే కుళాయి దగ్గరికి వచ్చింది. నోటుపుస్తకం గుండెలకి హత్తుకుని ఉంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "శుక్రవారం ఆకు కోసింది నేనే టీచర్. ఆ రోజు నాకు డేటు," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. పుస్తకంలో గడి గుర్తొచ్చి, డేటు వేశావు కదమ్మా, చూశాను అన్నాను.

"ఆ డేటు కాదు టీచర్."

తల దించుకుని చెప్పింది. గురువారం రాత్రే వచ్చిందట. వంటామె చెప్పింది గుర్తుందట. కానీ రెండు రోజుల సెలవులకి ఆకు ఇవ్వకపోతే పురుగులు ఏం తింటాయని, ఇంకెవరికైనా చెబితే లేత ఆకు చూసి కోయరని, ఎవరికీ చెప్పకుండా తనే కోసిందట. చెట్టుకేమైనా అవుతుందేమోననే భయపడిందట గానీ, పురుగులకి అవుతుందని అనుకోలేదట. ఇదంతా చెప్పి, కళ్ళెత్తి, "నా వల్లే చచ్చిపోయినయ్యా టీచర్?" అని అడిగింది.

ఆ పిల్ల కోసిన ఆకు శనివారం మధ్యాహ్నం దాకా ఆరు పురుగులూ ఆబగా తిన్నాయి. ఆ సంగతి ప్రపంచం మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. కాదు అనే ఒక్క మాట చాలు. కానీ కాదంటే, మరెందుకు చచ్చిపోయాయి టీచర్ అని అడుగుతుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నా వెనక కుళాయి కారుతూనే ఉంది, కట్టేశాను.

"సరేలే, అయిందేదో అయింది. ఇంకెప్పుడూ ఆ రోజుల్లో కొయ్యకు," అన్నాను.

సరే టీచర్ అని వెళ్ళిపోయింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను నిజం చెప్పేసేదాన్నేమో. ఇదీ నాకు నేను చెప్పుకునే సాకుల్లో ఒకటి.

మర్నాడు ఆకు డ్యూటీ ఇంకెవరికైనా ఇవ్వండి టీచర్ అని అడిగింది. రెండు రోజులు పోతే మర్చిపోతుందిలే అనుకుని వేరే పిల్లకి ఇచ్చాను. మళ్ళీ పురుగులు తెచ్చాం. ఈసారి సెలవు రోజుల్లో కూడా నేనే బడికి నడిచి వెళ్ళి ఆకు తెచ్చాను, వంటామె చెట్టు నుంచే. అన్నీ బతికాయి. నడుముకి దారం కట్టుకుని పుల్లకి వేలాడాయి. పదిరోజులకి ఒక పొద్దున, ప్రార్థన అయ్యేలోపు, నలుపు మీద లేతపసుపు చుక్కలతో మొదటిది బయటికొచ్చింది. రెక్కలు తడిగా ముడతలు పడి ఉన్నాయి. గంటలో విచ్చుకున్నాయి. పిల్లలందరూ వరుసగా వేలు చాపి దాన్ని ఎక్కించుకున్నారు. మొదటిరోజు బెంచీ ఎక్కి అరిచినవాళ్ళు కూడా. ఈ పిల్ల అందరికంటే వెనక నిలబడింది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని ఉంది. రామ్మా, నీ వంతు అన్నాను. వద్దు టీచర్, ఇక్కణ్ణుంచి కనబడుతుంది అంది.

ఆ రోజున ఆ పిల్లకి డేటేమీ లేదని నాకు తెలుసు. ఎలా అంటే, అప్పటికే నేను లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. ఏ రోజుల్లో ల్యాబులో గాజు సామాను ముట్టుకోవడం లేదు, ఏ రోజుల్లో మొక్కలకి నీళ్ళు పొయ్యమంటే పక్క పిల్లని పంపిస్తోంది, చూస్తూనే ఉన్నాను. తర్వాత్తర్వాత రోజులతో సంబంధం లేకుండా దేన్నైనా ముట్టుకోవడం మానేసింది. మొక్కలైనా, పురుగులైనా, ప్రాణమున్నవేవైనా సరే. సైన్సు ప్రదర్శనకి పెట్టె పట్టుకుని వేరే పిల్ల వెళ్ళింది. అక్కడ చెప్పిందంతా ఈ పిల్ల నోటుపుస్తకంలో రాసిందే. బహుమతి కూడా వచ్చింది. ప్రార్థనలో అందరితో పాటు ఈ పిల్ల కూడా చప్పట్లు కొట్టింది. నేను ఆ చప్పట్లు వినలేక రిజిస్టరు కోసమన్నట్టు లోపలికి వెళ్ళిపోయాను.

డిసెంబరులో కౌమార దశ పాఠం వచ్చింది. అందులో నెలసరి మీద ఉన్న మూఢనమ్మకాల గురించి ఉంటుంది. అంతకుముందు ఏళ్ళలో ఆ పాఠం చెప్పేటప్పుడు నేను రెచ్చిపోయేదాన్ని. మా నాయనమ్మ పచ్చడి జాడీ కథ చెప్పి అందరినీ నవ్వించేదాన్ని. పోయినేడు మాత్రం పుస్తకం చూసి చదివాను. వంటింట్లోకి రాకూడదు, మొక్కలు ముట్టుకోకూడదు వంటివి అపోహలు, వీటికి శాస్త్రీయ ఆధారం లేదు. చదువుతూ తలెత్తితే ఆ పిల్ల నన్నే చూస్తోంది. కోపంగా కాదు. ఇది పరీక్షకా, నిజమా అని అడుగుతున్నట్టు నాకనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నాకే అలా అనిపించిందేమో. ఇది ముఖ్యమైన ప్రశ్న, పరీక్షలో వస్తుంది అన్నాను.

పరీక్షలో వచ్చింది కూడా. ఆ పిల్ల జవాబు చక్కగా రాసింది. అపోహలు అన్న మాట కింద స్కేలు పెట్టి గీత గీసింది. పూర్తి మార్కులు వేశాను. పేపరు కట్టలో పెట్టేశాక మళ్ళీ బయటికి తీసి, చాలాసేపు ఆ గీత చూస్తూ కూర్చున్నాను. ఇంక నా వల్ల కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబులోకి పిలిచి, ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పాను. బజారు ఆకు సంగతి, ఉప్పు నీళ్ళ సంగతి, నా బద్ధకం సంగతి, సోమవారం క్లాసులో చెప్పిన తెగులు అబద్ధం సంగతి, ఒక్కటీ దాచలేదు. నీ ఆకు శుభ్రంగా తిన్నాయమ్మా, చంపింది నేను అన్నాను. చెప్పడం అయ్యాక, అబ్బ, దించుకున్నాను అనుకున్నాను. ఎంత స్వార్థమో చూడండి, అప్పుడు కూడా నా బరువు సంగతే.

ఆ పిల్ల ఓపిగ్గా విన్నది. విని, చిన్నగా నవ్వింది. చిన్నపిల్లలు బొమ్మ విరిగి ఏడుస్తుంటే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "నా కోసం అంటున్నారు కదా టీచర్," అంది.

కాదమ్మా, ఒట్టు, నిజం అన్నాను.

"ఆ రోజే అన్నారుగా టీచర్, కొయ్యొద్దని." ఆ మాటలో నిష్ఠూరం లేదు. నాకు గుర్తు చేస్తోంది, అంతే.

నాకు తెలిసిన దారి ఇంకొకటే ఉంది. ప్రయోగం. ఈసారి డేటు వచ్చినప్పుడు నువ్వే ఆకు కోసుకురా, నీ చేత్తోనే పెట్టు, ఏమవుతుందో నీ కళ్ళతో నువ్వే చూడు, అన్నాను. సైన్సంటే అదే కదా అన్నాను. పిల్ల స్టూలు మీంచి లేచి నిలబడింది. "వద్దు టీచర్, మళ్ళీ చచ్చిపోతయ్, పాపం," అంది.

నేనింకా ఏదో చెప్పబోతుంటే నన్ను ఓదార్చడానికే కాబోలు, ఇప్పుడు తను చాలా జాగ్రత్తగా ఉంటోందని, నేనేమీ బాధపడొద్దని చెప్పింది. పోయిన నెలలో వాళ్ళ చెల్లి కూడా పెద్దమనిషైందట.

"మా అమ్మకివేం పట్టవు టీచర్. మనకట్టాంటియ్యేం లేవు, పొయ్యి కాడికి రండి, చెట్లకి నీళ్ళు పొయ్యండి అంటది. చెల్లి కూడా అమ్మ మాటే వినేది. నేనే చెప్పా, మా సైన్సు టీచరే అన్నారు అని. అప్పుడు అమ్మ కూడా ఏమనలేకపోయింది. ఇప్పుడు చెల్లి ఆ మూడు రోజులు దేన్నీ ముట్టుకోవట్లేదు."

నేను మంచిపని చేశావన్నట్టు తల ఊపుతానని చూసింది. ఊపకపోయేసరికి, వెళ్ళొస్తా టీచర్ అని వెళ్ళిపోయింది. సంతకం పెట్టడం కూడా రాని ఆ తల్లి ఇన్నేళ్ళూ తన గుమ్మంలోకి రానివ్వని నమ్మకాన్ని నేను సైన్సు పేరు పెట్టి లోపలికి పంపించాను. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఒక పిల్ల ఇంటికి తీసుకెళ్ళి, తల్లిని ఒప్పించి, చెల్లికి నేర్పించిన పాఠం నాకు తెలిసి ఇదొక్కటే.